ఎదురుకాళ్ల డాక్టరు

ఆ సోమవారం మల్లిక చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. చుట్టాలమ్మాయి రమ పెళ్లి జాకెట్టు మీద నెమలి తోక పూర్తి చేయాలి. క్లాక్ టవర్ దగ్గరికి పోయి జర్దోసీ తీగ తేవాలి. అవ్వకు బీపీ గోలీలు తేవాలి. మగ్గం మీద వదులైన గుడ్డను మళ్లీ లాగి కట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కుడిచెయ్యి తిమ్మిరెక్కుతున్న సంగతి ఇంట్లో తెలియకుండా చూసుకోవాలి.

చివరి పని మధ్యాహ్నానికే చెడింది. చాయ్ గ్లాసు ఆమె వేళ్లలోంచి జారి, సరిగ్గా అవ్వ ముందరే పడింది.

గుర్వమ్మ అవ్వ బతుకంతా గొర్రెల వెంట తిరిగిన మనిషి. మనవరాలి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, నరం పట్టిందని తేల్చేసింది. దానికి ఒకటే మందట. తల్లి కడుపులోంచి కాళ్లు ముందుగా వచ్చినవాడు, అంటే ఎదురుకాళ్లతో పుట్టినవాడు, ఎడమకాలితో తాకాలి. పాలమూరు పల్లెల్లో నడుము పట్టినా మెడ పట్టినా ఇదే వైద్యం.

మల్లిక ససేమిరా అంది. కానీ లోపల భయంగానే ఉంది. డిగ్రీ అయ్యాక బాపును బతిమాలి మహబూబ్‌నగర్‌లో మగ్గం వర్క్ గది పెట్టుకుంది. రమ పెళ్లి దాకా చూస్తానని, అప్పటికీ పని అందుకోకపోతే గది మూసి సంబంధాలు చూస్తానని బాపు నరసింహ ముందే చెప్పాడు. ఇప్పుడు చెయ్యి పోతే గది పోయినట్టే.

అవ్వ ఊరుకుంటుందా? నలుగురిని అడిగి, గొర్రెల దుర్గయ్య కొడుకు ఎదురుకాళ్లోడని, ఇదే పట్నంలో ఉన్నాడని కనుక్కుంది. మర్నాడు మనవరాలిని లాక్కుపోయింది. తీరా చూస్తే అది ఫిజియోథెరపీ క్లినిక్. తెల్లకోటు వేసుకున్న పరమేష్ ఒక పెద్దమనిషి మెడ నొక్కుతున్నాడు.

“దుర్గయ్య కొడుకువు నువ్వేనా బిడ్డా? ఎదురుకాళ్లోనివి?”

గదిలో ఉన్న పేషెంట్లంతా తలలు తిప్పారు. మెడనొప్పి పెద్దమనిషి కూడా తిప్పాడు. పరమేష్ చెవులు ఎర్రబడ్డాయి.

“అవునవ్వా.”

“అయితే చెప్పు ఇడువు. గీ పిల్ల చేతి మీద కాలు పెట్టు.”

మల్లిక చున్నీతో మొహం కప్పుకుంది.

“కాలు పెట్టనవ్వా. చెయ్యి పట్టుకుంట” అన్నాడు పరమేష్. అన్నాక, తానేమన్నాడో తనకే అర్థమై, “అంటే, చూసేతందుకు” అని గొణిగాడు.

రెండు చేతుల వెనుకవైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి పెట్టి ఉంచమన్నాడు. కాసేపటికే మల్లిక బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు జుమ్మన్నాయి. మణికట్టులో ఇరుకు దారిలో నరం నలుగుతోందని, గంటల తరబడి చెయ్యి వంచి సూది వేస్తే ఇంతేనని చెప్పాడు. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ వేసుకుని పడుకోవాలి. పగలు అరగంటకోసారి చెయ్యి దింపి వేళ్లు చాచి ముడవాలి. పట్టు సడలినా, తిమ్మిరి తగ్గకపోయినా పెద్ద దవాఖానకు పోవాలి.

“అరగంటకోసారి దింపితే పెండ్లి జాకెట్ ఎవరు కుడ్తరు? మీరా?”

“నేను కుడితే పెండ్లిపిల్ల మండపం ఎక్కదండి.”

నవ్వకూడదని మల్లిక చాలా ప్రయత్నించింది.

రెండో రోజు పొద్దున మాత్రం నిప్పులు కక్కుతూ వచ్చింది. పట్టీ వేసుకుంటే చెయ్యి ఇంకా మొద్దుబారిందట, వేళ్లు ఉబ్బాయట. ఇదేం వైద్యమని నిలదీసింది. పరమేష్ ఆమె చేతి మీది చున్నీ తప్పించాడు. పట్టీ మీద నల్లటి గొంగడి ఊలుదారం బిగించి చుట్టి ఉంది. వదులుగా ఉన్న కట్టు కట్టే కాదని, మల్లిక నిద్రపోయాక అవ్వ చేసిన పని అది. లేస్తూనే కోపంగా చున్నీ కప్పుకుని బయల్దేరిన మల్లిక దాన్ని చూసుకోనే లేదు.

“గీ ముడి నాకు ఎరుకే. గొర్రెపిల్ల కాలు ఇరిగితే మా బాపు గిట్లనే కడ్తడు” అన్నాడు దారం కత్తిరిస్తూ.

“అంటే నేను గొర్రెపిల్లనా?”

“గొర్రెపిల్లయితే గింతగనం కొట్లాడదు.”

ఆ సాయంత్రమే ఆమె గదికి వచ్చి మగ్గం చూశాడు. అది మరీ ఎత్తుగా ఉంది. కింద ఇటుకలు తీసేసి, మణికట్టు వంగకుండా నిలిచేట్టు సరిచేశాడు. ఆ మర్నాటి నుంచి అరగంటకోసారి ఫోన్ మోగేది.

“దింపిన్రా?”

“దింపిన.”

అంతే మాట. ఆ ఒక్క మాట కోసం మల్లిక చేతి కంటే ముందు ఫోన్ వైపు చూడటం మొదలుపెట్టింది. తిమ్మిరి తగ్గుతోంది. గుండెలో కొత్త జబ్బేదో మొదలైంది.

ఒకరోజు ఫోన్ మోగలేదు. బయట వాన. నెమలి కన్ను దగ్గర సూది ఆగిపోయింది. కోపమో దిగులో తెలియక, గొడుగు మరచి క్లినిక్‌కు నడిచింది. పరమేష్ బొటనవేలు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు. రోజంతా నడుములు, మెడలు నొక్కి నొక్కి, ఆ వేలు ఫోన్ కూడా నొక్కలేని స్థితికి వచ్చింది.

“డాక్టరుకు చెప్పేటోళ్లు ఎవరు లేరా?”

“లేరు.”

“ఇగ ఉన్నరు. అరగంటకోసారి నేనే ఫోన్ చేస్త. నొక్కుడు బంద్ పెట్టాలె.”

“ఎన్ని దినాలు?”

“తగ్గేదాంక.”

“తగ్గినంక?”

మల్లిక వాన వైపు తిరిగింది. జడ కొస నుంచి నీళ్లు కారుతున్నాయి. “తగ్గినంక గూడ చేస్త. మీకు కష్టమైతే ఎత్తకున్రి.”

“మొదటి రింగుకే ఎత్తుత” అన్నాడు పరమేష్.

రమ పెళ్లిలో ఆడవాళ్లంతా పెళ్లికూతురి మొహం కంటే జాకెట్టు చేతుల మీది నెమళ్లనే ఎక్కువ చూశారు. ఎవరు కుట్టారని ముగ్గురు వచ్చి బాపునే అడిగారు. నరసింహ మీసం సవరించుకుని, నా బిడ్డే అన్నాడు. గది సంగతి మళ్లీ ఎత్తలేదు. సంబంధం సంగతి మాత్రం అవ్వ ఎత్తింది. భోజనాల దగ్గర, దుర్గయ్యను పక్కన కూర్చోబెట్టుకుని మరీ ఎత్తింది. రెండిళ్లకూ సమ్మతమేనని పాయసం వచ్చేలోపే తేలిపోయింది.

తర్వాత పరమేష్‌ను పిలిచింది.

“ఆనాడు కాలు పెట్టుమంటే పెట్టకపోతివి. రేపు జీలకర్ర బెల్లం కాడ పిల్ల కాలు మీద కాలు పెట్టాలె గదా. అప్పుడేమంటవు?”

పరమేష్ చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. మల్లిక చున్నీ మళ్లీ మొహం మీదికి వచ్చింది.

“పెడ్తనవ్వా.”

“ఎడమకాలా?”

“మీరు ఏదంటే అది.”

చెయ్యి నయమైంది తన మందుతోనే అని అవ్వ ఇప్పటికీ అంటుంది. ఎవరూ కాదనరు.

ఈ కథ ఫోన్‌లో చదువుతుంటే, అది కాసేపు కింద పెట్టండి. చెయ్యి దింపి, వేళ్లు చాచి ముడవండి. ఆ కాసేపూ మా గుర్వమ్మ అవ్వను తలుచుకోండి. ఎదురుకాళ్లోడిని వెతికి తెచ్చింది ఆమే కదా.