లెక్కకు రాని నడక

అమెరికాలోని డులూత్ ఊళ్లో ఆ బుధవారం ఉదయం ఆర్లీన్ కాఫీ పెట్టి, బయట చలి ఎంతుందో చూద్దామని ఫోన్ తీసింది. ముందు కనబడింది చలి కాదు, మూడు రంగుల వలయాలు. వాటి కింద అడుగుల సంఖ్య, పక్కన గుండె వేగం. ఆమె మూతి ముడిచి ఫోన్‌ను బోర్లా పెట్టేసింది.

మార్చిలో గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నాక, కూతురు కిర్‌స్టెన్ ఆమె మణికట్టుకు గడియారం కట్టి, హోమ్ స్క్రీన్ మీద ఈ ఫిట్‌నెస్ విడ్జెట్లు పెట్టింది. అవే అంకెలు కిర్‌స్టెన్ ఫోన్‌లోనూ కనబడతాయి. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి, ఇవాళ కూడా కదల్లేదేమని తల్లిని నిలదీస్తోంది.

ఆ రోజు సెలవు పెట్టుకుని స్వయంగా వచ్చింది. ఆర్లీన్ అక్క హెల్మీ ఆరేళ్ల క్రితం పక్షవాతంతో చక్రాల కుర్చీకి పరిమితమైంది. అప్పటినుంచి ఆర్లీనే చూసుకుంటోంది. హెల్మీని ఒక వృద్ధాశ్రమంలో చేర్చడానికి పేరు రాయించానని కిర్‌స్టెన్ కాగితాలు బల్ల మీద పెట్టింది.

"రోజుకు పదకొండు వందల అడుగులు కూడా లేవు. నీకే సత్తువ లేకపోతే పెద్దమ్మను ఎలా లేపుతావమ్మా?"

"ఇరవై తొమ్మిదేళ్లు మంచులో స్కూల్ బస్సు నడిపాను. నా సత్తువ ఎంతో ఈ అద్దం ముక్క చెప్పాలా నాకు?"

"అది అబద్ధం చెప్పదు."

"అంటే నేను చెప్తున్నానా?"

ఆర్లీన్ ఫోన్ అందుకుని, కూతురి కళ్లెదుటే వేలితో నొక్కిపట్టి ఆ విడ్జెట్లను ఒక్కొక్కటే తీసేసింది. కిర్‌స్టెన్ ముఖం పాలిపోయింది.

"వంటింట్లో నేల మీద పడి ఉన్న నిన్ను చూసింది నేను. ఆ అంకె కదులుతుంటేనే నాకు ఊపిరాడుతోంది" అంది.

ఆర్లీన్ ఫోన్ బల్ల మీద పెట్టేసింది. అంతవరకూ బల్ల దగ్గరే రొట్టె తింటున్న హెల్మీ, మాట కూడదీసుకుని అడిగింది.

"నన్ను... ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. కిర్‌స్టెన్ తల దించుకుంది. ఆర్లీన్ అక్కకు శాలువా కప్పి, కూతురి కోటు తెచ్చి చేతికిచ్చింది. "రా. రోజూ మేం వెళ్లే దారే. ఇవాళ నువ్వు తొయ్యి."

ఆరు వీధులు దిగి సరస్సు ఒడ్డుకు చేరారు. అరగంట గట్టు వెంట తిరిగి, మళ్లీ ఇంటివైపు గుట్ట ఎక్కారు. సగం దారిలోనే కిర్‌స్టెన్‌కు చెమటలు పట్టాయి. బరువుగా ఉన్నానా, పొద్దున రెండు ముక్కలు ఎక్కువే తిన్నానని హెల్మీ నవ్వింది.

పైకి చేరాక కిర్‌స్టెన్ అలవాటు కొద్దీ తన చేతికున్న అలాంటి గడియారాన్నే చూసుకుంది. బయలుదేరినప్పటి నుంచి పెరిగింది రెండు వందల పద్నాలుగు అడుగులే. నమ్మలేక మళ్లీ చూసింది. అప్పుడర్థమైంది. చేయి ఊగితేనే అది అడుగు లెక్కపెడుతుంది. కుర్చీ పట్టుకున్న చేతులు ఊగవు. ఆరునెలలుగా అమ్మ రోజూ ఈ గుట్ట ఎక్కుతుంటే, తాను రోజూ ఫోన్ చేసి మందలించింది.

ఆమె తల్లివైపు తిరిగింది. మెల్లగా అడిగింది, "అమ్మా, నీకెలా ఉంది?"

నాకేం, గుండ్రాయిలా ఉన్నానని ఆర్లీన్ అనబోయింది. మార్చి తర్వాత కూతురు ఆ మాట అంకెలను కాక తననే అడగడం ఇదే మొదలని గుర్తొచ్చి ఆగింది.

"చివరి వీధి ఎక్కేటప్పుడు ఆయాసం వస్తోంది. నెల నుంచి. చెప్తే అక్కను పంపించేస్తావని చెప్పలేదు."

కిర్‌స్టెన్ కోప్పడలేదు. వంగి హెల్మీ చేయి పట్టుకుని, ఎక్కడ ఉంటావు పెద్దమ్మా అని అడిగింది. హెల్మీ వేలెత్తి ఇంటివైపు చూపింది.

"సరే. శుక్రవారం డాక్టర్ దగ్గరికి వెళదామమ్మా, నేనూ వస్తాను. ఈ గుట్ట మీద కుర్చీ మాత్రం ఇకనుంచి నేనే తోస్తాను."

మార్చి నుంచి ఎవరి ముందూ కంట తడి పెట్టని ఆర్లీన్, ఆ వీధి మలుపులో నిలబడి ఏడ్చింది.