పదిహేడో పేజీ

షాక్ గన్నుల భద్రత పరీక్షించిన డాక్టరు ఉదయం తొమ్మిదింటికి లిఫ్టులో చచ్చిపడి ఉన్నాడు. గుండెపోటన్నారు. చొక్కా కింద, ఎడమ రొమ్ము మీద కాలిన మచ్చలు రెండున్న సంగతి ఎవరూ రాసుకోలేదు.

తొమ్మిదిన్నరకి గూఢచారి శాఖ చీఫ్ తన ఏజెంటుని పిలిపించాడు. డిపార్టుమెంటులో అతన్ని 'ఉడుము' అంటారు, పట్టు అలాంటిది. బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. పోలీసులకు షాక్ గన్నులు అంటగడుతున్న విదేశీ ముఠా, ఆ డాక్టరు రాసిన మెడికల్ రిపోర్టులోంచి పదిహేడో పేజీ మాయం చేసింది. పదకొండింటికి పరేడ్ గ్రౌండులో డెమో. అక్కడే మంత్రిగారి సంతకం. సాయంత్రానికి నలభై వేల గన్నులు స్టేషన్లకి చేరతాయి.

డెమో ఆపించమన్నాడు ఉడుము. పేజీ లేనిదే ఎలా ఆపుతానన్నాడు చీఫ్.

ఉడుముకి ఒళ్లు మండింది. ఈ గన్నుల మీద ఆరు నెలలుగా నోట్లు రాస్తూనే ఉన్నాడు. ఇది ఆయుధం, మాకు సంబంధం లేదని వైద్యశాఖ. ఇది వైద్యం, మాకు తెలియదని ఆయుధాల విభాగం. మధ్యలో అతని అరుపు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

పదిన్నరకి తెల్లకోటు తొడుక్కుని, ఈసీజీ టెక్నీషియన్ బ్యాడ్జి తగిలించుకుని గ్రౌండులోని మెడికల్ టెంటులోకి దూరాడు. ముఠా తరఫు మెడికల్ ఆఫీసర్ అక్కడే ఉంది. నల్లకళ్లద్దాలు, కళ్లు తిప్పుకోనివ్వని అందం.

"నాడి ఎలా ఉంది?" అన్నాడు.

"లెక్క తప్పింది," అందామె. కోడ్ సరిపోయింది. రెండేళ్లుగా ఆమె జీతం వాళ్ల దగ్గర, పని ఉడుము డిపార్టుమెంటుకి.

బీపీ పట్టీ మడతలోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. పదిహేడో పేజీ. ఛాతీకి తగిలితే, అందులోనూ షాక్ ఆగకుండా సాగితే, గుండె లయ తప్పవచ్చు. గుండె జబ్బున్నవాళ్ల మీద వాడకూడదు. డాక్టర్ని చంపింది తన బాసేనని, డెమోకి నిలబెట్టిన కానిస్టేబుల్ గుండెకి మాత్రలు వాడుతున్నాడని, అతని ఈసీజీ కూడా బాస్ మార్చేశాడని గబగబా చెప్పింది.

ఉడుము చెవిలోని ఇయర్‌పీస్ నొక్కి చీఫ్‌కి చెప్పాడు.

"ఒరిజినలా, జిరాక్సా?"

"జిరాక్స్ సార్."

"అయితే గెజిటెడ్ సంతకం ఉండాలి కదయ్యా."

ఉడుము ఇయర్‌పీస్ పీకి నేలకేసి కొట్టాడు. కాగితం ఆమె చేతికే తిరిగిచ్చాడు.

బయట బాస్ గన్ను ఎత్తి కానిస్టేబుల్ ఛాతీకి గురిపెట్టాడు. షాక్ ఐదు సెకన్లే ఇస్తే చాలదు, ఇంకాస్త సేపు చూపించమన్నారు మంత్రిగారు. కానిస్టేబుల్ పెదాలు పాలిపోయాయి. ఉడుము పరిగెత్తి అతన్ని పక్కకి తోసేశాడు. ఆ క్షణానే గన్ను పేలింది. అందులోంచి దూసుకొచ్చిన కరెంటు ముళ్లు రెండూ ఉడుము తొడలో దిగాయి. ఒళ్లంతా కొయ్యబారి దభాలున పడిపోయాడు. పళ్లు గిట్టకరుచుకున్నాయి. చెవుల్లో హోరు. ఆ హోరులోనే ఆమె మైకు అందుకుని పదిహేడో పేజీ చదవడం వినిపించింది. విలేకరులు ముందుకి తోసుకొచ్చారు. మంత్రిగారు పెన్నుకి క్యాప్ పెట్టేశారు. పారిపోబోయిన బాస్‌ని ఆ కానిస్టేబులే కాలరు పట్టుకుని ఆపాడు.

సాయంత్రం చీఫ్ ఆసుపత్రికి వచ్చాడు. ముఠా మొత్తం దొరికిందన్నాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కాసేపు నసిగాడు.

"చిన్న చిక్కొచ్చిందయ్యా. నువ్వు బతికావుగా, ఆ గన్ను సురక్షితమేనని కమిటీలో కొందరు అంటున్నారు."



"బతికిపోయాను, ఈసారికి క్షమించండి సార్," అన్నాడు ఉడుము.