సంచుల చప్టా

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దోవలో, దుత్తలూరు దాటినాక, తారురోడ్డు విడిచి మట్టిదారిన ఒక మైలు పోతే వాగు అడ్డం వస్తుంది. దాని మీద చప్టా. చప్టా కింద నాలుగు సిమెంటు తూములు. పగలు చూస్తే గేదెలు కూడా లెక్కచెయ్యని చోటు. పొద్దుగూకినాక మాత్రం... ఆ దిక్కు ముఖం పెట్టి ఎవరూ తుమ్మను కూడా తుమ్మరు.

కాగితాల్లో దాని పేరేమిటో ఎవరికీ పట్టలేదు. జనం అనేది సంచుల చప్టా అనే.

ఎందుకంటే, చుట్టూ పది ఊళ్లలో పిల్లి ఎక్కువైనా, కుక్క ముసలిదైనా, కుక్కపిల్లల్లో ఆడవి పుట్టినా, గోనెసంచిలో వేసి మూతి కట్టి తెచ్చేది అక్కడికే. సంచిని గాల్లో మూడు చుట్లు తిప్పాలి — లోపలిదానికి దిక్కు తెలియకుండా. వాగు దాటించాలి — ఇంటిదారి మరిచిపోవడానికి. ఆపైన సంచి దించి, వెనక్కి చూడకుండా రావాలి. తాతల నాటి పద్ధతి. ఈమధ్య కార్లలోనూ వస్తున్నారు. బొచ్చుకుక్కను కొని, ఒళ్లో పెట్టుకుని వెయ్యి ఫొటోలు దిగి, దానికి గజ్జి రాగానే ఏసీ బండిలో తెచ్చి దించిపోతారు. వాళ్లకు గోనెసంచి ముట్టుకోవాలంటే నామోషీ, అంతే తేడా.

పన్నెండేళ్ల కిందట ఆ వాగు గట్టున, రేకుల గదిలో ఒక ఆడమనిషి ఉండేది. పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేసి రిటైరైంది. తెల్లారగానే చప్టా దాటి సంచులు విప్పేది. ఆమె గదిలో నూరు కుక్కలు, నూటయాభై పిల్లులు ఉండేవంట. పడుకోను చోటు చాలక ఆమె గుమ్మంలో నిలబడే నిద్రపోయేదంట. ఒక తుఫాను రాత్రి, వరదలో కొట్టుకొస్తున్న సంచి కోసం దిగింది. సంచి దొరికింది, మూతి విప్పి. కుక్కపిల్లలు గట్టు మీద వణుకుతూ దొరికాయి. ఆమె మాత్రం... ఇప్పటికీ దొరకలేదు.

అప్పట్నుంచి చీకటి పడితే తూముల్లో ఒక చప్పుడు. గోళ్లతో ముడి పీకుతున్న చప్పుడు.

ఆమె పేరు ఎవరూ పలకరు. పలికితే పిలిచినట్టే, పిలిస్తే వచ్చినట్టే. "ఆయమ్మ" అంటారు, అంతటితో సరి. బళ్లో ఆ పేరు గల పిల్ల ఒకతె ఉంటే, అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు పట్టపగలు కూడా ఆ ఒక్కచోట దగ్గి ఊరుకునేవాడంట. అట్లా పలక్క పలక్క, తర్వాత పుట్టిన పిల్లలకు ఆ పేరే తెలియకుండా పోయింది.

చిక్కంతా అక్కడే వచ్చింది.

వెంగయ్యది సెవెన్ సీటర్ ఆటో. ఏఎస్ పేట దర్గాకు పోయే జనాన్ని ఆత్మకూరు బస్టాండులో ఎక్కించుకుంటాడు. మనిషి తాటిచెట్టంత, గొంతు కొమ్ముబూరంత, గుండె మాత్రం పెసరగింజంత. ఆ ఇంట్లో ఒక పిల్లి. నుదుట తెల్లచుక్క. మూడో తరగతి చదివే కూతురు అశ్విత దాన్ని "సుక్కీ" అని పిలిచేది. చుక్క ఉంది గనక సుక్కి అయిందని వెంగయ్య అనుకున్నాడు.

ఆ పిల్లికి ఒక అలవాటు. పొద్దున్నే ఆటో స్టార్టు చేసే సమయానికి సరిగ్గా ముందు చక్రం ఎదట అడ్డంగా నడుచుకుంటూ పోతుంది. ఒకరోజు పంక్చరు, ఒకరోజు బ్రేకు వైరు, వారమంతా గిరాకీ లేదు. వెంగయ్య తన డ్రైవింగును అనుమానించలేదు, ఆటో వయసును అనుమానించలేదు, పిల్లిని అనుమానించాడు. పైగా ఈమధ్య ఒళ్లు చేసింది కూడాను. పెళ్లాం శీనమ్మ, అశ్విత మూడు రోజుల కోసం ఆత్మకూరులో చుట్టాలింటికి పోయారు. మూడో రోజు సాయంత్రం, వెలుతురు ఉండగానే, వెంగయ్య సంచి తీశాడు.

పిల్లి గింజుకోలేదు. ఎత్తుకుంటున్నాడనుకుంది. ఆటో నైలాను తాడుతో ఏనుగు లాగినా ఊడని ముడి వేశాడు. చప్టా దగ్గర మూడు చుట్లు తిప్పుతుంటే లోపల్నుంచి ఒకేఒకసారి, పిలిస్తే పలికినట్టు, చిన్నగా అంది. వాగు దాటించి దించి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

రాత్రి ఎనిమిదింటి బస్సుకు తల్లీకూతుళ్లు దిగారు. అశ్విత చెప్పులు విప్పకముందే సుక్కి ఏదని అడిగింది. ఎలుకల కోసం పోయుంటుందిలే అన్నాడు వెంగయ్య, పైకప్పు చూస్తూ. ఆ చూసిన పైకప్పు కిందనే, అటక మీదనుంచి...

సన్నగా. సూది మొనంత సన్నగా. ఒకటి కాదు, నాలుగు గొంతులు.

పాత దుప్పటి మడతల్లో నాలుగు కూనలు. బొటనవేలంత ఉన్నాయి. కండ్లు తెరవలేదు. పుట్టి రెండు రోజులై ఉంటుంది. ఒళ్లు చెయ్యడమంటే అదన్నమాట.

శీనమ్మ దూది వత్తి చేసి, ఆవుపాలల్లో ముంచి నోట్లో పెట్టింది. వత్తి జారిపోయింది. మళ్లీ పెట్టింది, జారిపోయింది. అప్పుడు మొగుడి వంక చూసి, ఎక్కడ దించావని అడిగింది. చెప్పాడు. ఆమె తిట్టలేదు. పదహారేళ్ల కాపురంలో శీనమ్మ తిట్టకుండా ఊరుకున్నది అదే మొదలు, అందుకే వెంగయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"తల్లి రాకుంటే తెల్లారేతలికి నాలుగూ సల్లబడిపోతాయి," అంది. "పోయి తీసకరా."

పొద్దున్నే పోతానని వెంగయ్య గొణిగాడు. అటక మీది గొంతులే బదులు చెప్పాయి. టార్చి తీసుకున్నాడు. గడప దాటుతుంటే అశ్విత వెనకనుంచి అంది:

"నాయనా, సుక్కీ అంటే రాదు. అది ముద్దుకు పిలిచే పేరు. బెదిరి చేలల్లో దూరినప్పుడు నిండుపేరుతో గట్టిగా పిలిస్తేనే వస్తాది."

"నిండుపేరేంది?"

"సుకుమారి."

టార్చి కిందపడింది. శీనమ్మ చేతిలో వత్తి కిందపడింది. పన్నెండేళ్లుగా ఊళ్లో వినపడని పేరు, నట్టింట్లో, పాలపళ్లు ఊడిన నోట్లోంచి...

"ఆ పేరు నీకు యాడ దొరికిందే?"

"వాగు కాడ రేకుల గది తలుపు మీద రాసుండాది. బాగుండాదని పెట్టినా. ఏం, బాగలేదా?"

ఆటో మట్టిదారి దిగేసరికి పది. చీకటి ఎంత చిక్కగా ఉందంటే హెడ్‌లైటు వెలుగు పది అడుగులు పోయి, అక్కడినుంచి పోలేక నిలబడింది. ఇంజను ఆపకపోతే పిల్లి బెదురుతుంది. ఆపితే తను బెదురుతాడు... ఆపాడు. లైటూ ఆరిపోయింది.

చప్టాకు అటూ ఇటూ పల్లంలో పాదం మునిగేంత నీళ్లు. చల్లగా, చీలమండ పట్టుకున్నట్టు. దాటాడు.

సంచి పెట్టినచోటే ఉంది. ఖాళీగా. దాని మీద నైలాను తాడు — తెగలేదు, కొరకలేదు. నీటుగా చుట్ట చుట్టి పెట్టి ఉంది.

పిల్లి ముడి విప్పుతుందా? విప్పిందే అనుకో... తాడు చుట్ట చుడుతుందా?

"సుక్కీ..." అన్నాడు గొంతులోనే. కప్పలు తప్ప ఎవరూ పలకలేదు. టార్చి వేసి ఈ పొదా ఆ పొదా చూశాడు. ఎడమకు తిరిగాడు, వెనక్కి తిరిగాడు, మళ్లీ తిరిగాడు. టార్చి ఎర్రబడింది... ఆరింది. ఇప్పుడు వాగు ఏ పక్క? ఆటో ఏ పక్క? అప్పుడు తట్టింది వెంగయ్యకు. తను ఉన్నచోటనే మూడు చుట్లు తిరిగాడు. సంచిని తిప్పినట్టే.

పరుగెత్తాలనిపించింది. ఎటు పరుగెత్తాలో తెలిస్తే గదా. చెవుల్లో మాత్రం ఆ నాలుగు సూది గొంతులు. వత్తి జారిపోవడం కనపడుతోంది. తెల్లారేసరికి అవి చల్లబడితే అశ్విత ముఖం ఎట్లా చూడాలి?

నోరు తెరిచాడు.

"సు... కుమారీ..."

అది పిలుపు కాదు, ఊపిరి. అయినా కప్పలు ఆగిపోయాయి. అన్నీ. ఒక్కసారిగా.

"సుకుమారీ..."

తూముల్లోంచి —

"ఆఁ..."

పిల్లి కాదు అది. పిల్లులు ఆఁ అనవు. వెంగయ్యకు పట్టిన చెమటకు వాగు వేలెడెత్తు పెరిగింది. కండ్లు మూసుకున్నాడు. మూడోసారి, బస్టాండులో జనాన్ని పిలిచే గొంతంతా పెట్టి అరిచాడు. ఆ అరుపు ఉదయగిరి కొండకు కొట్టుకుని, పాలిపోయి తిరిగొచ్చింది.

తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

ఆపైన వీపు వెనకనుంచి, నిద్రలో లేపితే లేచినట్టు, మెల్లగా —

"పేరు పెట్టి పిలిచి... ఎన్నేండ్లయిందిరా..."

వెంగయ్య తిరిగి చూడలేదు. చూద్దామన్నా మెడ తిరగలేదు. పిక్కకు చల్లగా, తడిగా ఏదో తగిలింది. మోకాలెక్కింది. గోళ్లు దిగాయి. నడుమెక్కింది... భుజం మీదికొచ్చి చెవి దగ్గర అంది, చిన్నగా. సాయంత్రం సంచిలోంచి అన్నట్టే.

దాన్ని తువ్వాలులో చుట్టి రొమ్ముకు అదుముకున్నాడు. అయినా ఏ దిక్కుకు పోవాలి? తువ్వాలులోంచి పిల్లి తల బయటపెట్టి ఒకే వైపు చూస్తోంది. అది చూసిన వైపే నడిచాడు. పాదాలకు నీళ్లు తగిలాయి, చప్టా తగిలింది, ఆటో తగిలింది. తిప్పినవాడికి దిక్కు తెలియలేదు గానీ తిప్పించుకున్నదానికి తెలుసు.

ఇంట్లో దించగానే అటకెక్కింది. నాలుగూ జలగల్లా పట్టుకున్నాయి. అశ్విత ఆ చప్పుడు వింటూ అక్కడే నిద్రపోయింది. వెంగయ్య రెండు రోజులు దుప్పటి కప్పుకుని వణికాడు. మంచం కోళ్లు నేలలోకి జానెడు దిగాయని శీనమ్మ చెప్తుంది. వాగు కాడ విన్నదంతా తూముల్లో దూరిన గాలి అని కూడా ఆమే చెప్పింది. మూడో రోజుకు వెంగయ్య ఒప్పుకున్నాడు. గాలే. గాలి గాక ఇంకేంటి?

చప్టాకు మాత్రం అప్పట్నుంచి చెడ్డపేరు ఇంకా ముదిరింది.

మసక చీకట్లో ఎవరు సంచి తెచ్చినా తూముల్లోంచి పిలుపు. ఊరికే పిలుపు కాదు, పేరు పెట్టి, ఇంటిపేరుతో సహా. సంచిలో ఏముందని అడుగుతోంది. ఎన్నేళ్లు కాపలా కాసిందని అడుగుతోంది. ముసలిది గనక తెచ్చావా, మీ అమ్మ వయసెంతరా అని అడుగుతోంది. దయ్యానికి మొగగొంతు వచ్చిందని కొందరు, నీళ్లలో నాని గొంతు మారిందని కొందరు. కారులో వచ్చిన ఆసామి ఒకాయన బొచ్చుకుక్కను మళ్లీ ఎక్కించుకుని, అద్దాలు కూడా ఎత్తకుండా నెల్లూరు దాకా పోయాడంట. మూడు వారాల్లో సంచులు సగానికి సగం తగ్గాయి. తెచ్చినవాళ్లు తెచ్చినట్టే ఇంటికి మోసుకుపోతున్నారు.

చంద్రమోహన్ ఊళ్లో పెద్ద రైతు, దేనికీ జంకడని పేరు. ఆయన పద్నాలుగేళ్ల కుక్కకు కండ్లు పోయాయి. ఒకరోజు పొద్దున టీ అంగట్లో ఆయన గ్లాసు పట్టుకుంటే సగం టీ పంచె మీదే పడింది. కుక్క ఆయన కాళ్ల దగ్గరే పడుకుని ఉంది.

"ఆడ ఆయమ్మ ఒకతే అనుకుంటిమి," అన్నాడు గుసగుసగా. "ఇద్దరుండార్రా. నిన్న సందేళ మొగగొంతు నన్ను పేరు పెట్టి పిలిచింది. నాకు కాళ్లు రాలేదు. కూలబడి ముడి విప్పతా ఉండా. అది ఇంకా అరస్తానే ఉండాది. అప్పుడు ఆడగొంతు, దాని పక్కనించే..."

"ఏమనింది?"

"చాల్లే వెంగయ్యా, గొంతు పోతాది, వాడు విప్పతా ఉండాడు గదా... అనింది."

టీ అంగట్లో అందరూ మూల బల్ల మీద కూర్చున్న వెంగయ్య వైపు తిరిగారు. అతని ప్యాంటుకు మోకాళ్ల దాకా తూముల్లోని నాచు. దాచుకుందామన్నా ఇంక దాగదు.

దాచుకోవాలన్న ధ్యాస కూడా లేదు అతనికి. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మాట్లాడబోతే నిజంగానే గొంతు పోయి ఉంది, గాలి మాత్రమే వచ్చింది.

"నేనొక్కణ్నేరా..." అన్నాడు. "తూములో నేనొక్కణ్నే కూసోనుంటిని."