బిషప్పుల మేడలో తెరవని కిటికీ

నవంబరు రెండవ తేదీ... మృతులందరినీ తలచుకునే దినం! మొరావియా గడ్డ మీద ఆనాటి సంధ్య ఎరుపెక్కకుండానే చచ్చిపోయింది. బిషప్పుల రాజప్రాసాదాన్ని పొగమంచు శవవస్త్రంలా కప్పేసింది. ఉద్యానవనంలో గోడల్లా కత్తిరించిన చెట్ల మధ్య ఎక్కడో గుడ్లగూబ కూసింది... ఆగింది... మళ్ళీ కూసింది! దూరాన ఒక ఉరుము. శీతాకాలపు ఉరుము వింటే అక్కడి వాళ్ళు గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంటారు.

ఊరు ఊరంతా శ్మశానంలో దీపాలు పెడుతోంది. బ్లజేనా ఒక్కతే ప్రాసాదం చూడటానికి టిక్కెట్టు కొనుక్కుంది. కూతురు క్వేతా పోయి సరిగ్గా ఏడాది. ఆ సమాధి మీద ఈ తల్లి పెట్టిన దీపం ఒక్కటీ నిలవలేదు, పెట్టగానే ఆరిపోయేది! అందులో తన బిడ్డ లేదని కన్నకడుపుకి తెలిసిపోయింది.

చిత్రశాల గుమ్మంలో రాడ్కా అనే కాపలా పిల్ల ఆమెకు ఉన్ని తొడుగులు అందించింది. అక్కడ చెక్క నేల మీద ఎవరూ ఉత్త బూట్లతో నడవకూడదు.

"బూట్ల మీద తొడుక్కోండి పెద్దమ్మా. కాస్త కాళ్ళీడ్చుకుంటూ నడిచారంటే నేల అద్దంలా మెరుస్తుంది, నాకు తుడిచే పని తప్పుతుంది!"

బ్లజేనా లోపలున్న కాపలా కుర్చీ వైపు చూసింది. "నీకు ముందు ఆ కుర్చీలో మా క్వేతా కూర్చునేదమ్మా" అంది.

రాడ్కా మొహం వాడిపోయింది. "మీరు... అయ్యో! నోరు జారాను, ఏమీ అనుకోకండి. రండి, చెయ్యి పట్టుకోండి. మా వోరెల్ డాక్టరు గారు చూస్తే తలుపులు మూసే వేళకి ఎవర్ని రానిచ్చావని అరుస్తారు. ఆయనకి ముసలితనం రాలేదు గానీ చాదస్తం మాత్రం వచ్చేసింది!"

వోరెల్ వైద్యుడు కాదు, డాక్టరేటు పొందిన పండితుడు, ఆ చిత్రశాలకు అధికారి. కిందటేడు ఇదే రోజున క్వేతా ఆ కుర్చీలోంచి ఒరిగి ప్రాణం విడిచింది. గుండె ఆగిందన్నారు. ప్రాణం పోయిన గదిలో కిటికీ తెరవాలి, అదీ రక్తసంబంధీకుల చేత్తో తెరవాలి. లేకపోతే ఆత్మకు దారి దొరకదు... ఆ దేశంలో పసివాళ్ళకు కూడా తెలిసిన మాట ఇది! బ్లజేనా పరుగున వచ్చి గడియ మీద చెయ్యి వేసింది కూడా. వోరెల్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "తేమ తగిలితే చిత్రాలు నాశనమైపోతాయమ్మా! మూడు వందల ఏళ్ళ నాటి రంగులు!" అన్నాడు. చదువుకున్న పెద్దమనిషి కదా అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. బిడ్డ ఆత్మను కాదని బొమ్మల మాటకి తలవంచింది పిచ్చి తల్లి! ఆనాటి నుంచి తన చెయ్యి అంటే తనకే రోత.

చిత్రశాల చివర, ఆ కిటికీ పక్కనే, నిలువెత్తు చిత్రం ఉంది. కపాలాన్ని ఒడిలో పెట్టుకుని పశ్చాత్తాపంతో విలపించే పుణ్యస్త్రీ మగ్దలేన్. బ్లజేనా కళ్ళెత్తి చూసింది...

ఆ ముఖం క్వేతాది! చిన్నప్పుడు పొయ్యి అంచు తగిలి చుబుకం మీద పడిన మచ్చతో సహా! రంగుల్లోంచి కన్నీరు... నిజమైన వెచ్చని కన్నీరు... బొట్టు బొట్టుగా కారుతోంది!

వెనకాల రాడ్కా కెవ్వుమంది. కనుగుడ్లు తేలిపోయాయి. జుట్టు విరబోసుకుని నేల మీద పడి గింగిరాలు తిరిగింది. ఆ పిల్ల గొంతులోంచి వచ్చింది ఆ పిల్ల గొంతు కాదు!

"అమ్మా... ఊపిరాడటం లేదే... ఎందుకు తెరవలేదే అమ్మా!"

దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. పక్క తలుపులోంచి నల్లని కొవ్వొత్తి పట్టుకుని వోరెల్ వచ్చాడు. రెండో చేతిలో కపాలం... బొమ్మ కాదు, పచ్చబడిన మనిషి కపాలం! పెదవులు ప్రార్థనను తలకిందులుగా జపిస్తున్నాయి.

"ఈ గదిలో పోయిన ప్రతి ప్రాణమూ నాదే బ్లజేనా గారూ! వాళ్ళ ఆయువే నా ఆయువు. ఎన్ని తరాలుగా బతుకుతున్నానో తెలిస్తే మీరు నిలబడలేరు!"

"నా బిడ్డని వదిలెయ్ నాయనా..."

"వదిలేస్తే మీకేం మిగులుతుంది?" అతని గొంతు తేనెలా జారింది. "సమాధిలో ఎముకలా? ఇక్కడుంటే ప్రతి ఆదివారం రావచ్చు. మొహం చూడొచ్చు. ఏడుపైనా వినొచ్చు. గడియ తీశారో, ఇక ఈ లోకంలో మీకు కూతురు లేనట్టే! ఆలోచించుకోండి."

దుర్మార్గుడు కొట్టాల్సిన చోటే కొట్టాడు. బ్లజేనా మళ్ళీ చిత్రం వైపు తిరిగింది. ఏడాదిగా ఆ ముఖం కోసం ఎంత అలమటించిందో ఆమెకే తెలుసు. ప్రతి ఆదివారం! మళ్ళీ ఆ చుబుకం, ఆ కళ్ళు! వేళ్ళతో చిత్రంలోని చెంప తాకింది. వేడిగా తగిలింది. జ్వరంలో ఉన్న పిల్ల చెంపలా.

"ఊపిరాడటం లేదే అమ్మా..."

బ్లజేనా కిటికీ వైపు తిరిగింది. గడియ మీద చెయ్యి వేసింది!

"ముసలిదానా! భస్మం చేస్తాను!" వోరెల్ కపాలాన్ని పైకెత్తాడు. ఇనుప గడియ ఎర్రగా కాలింది! చర్మం చిటపటలాడింది... మాంసం కమిలిన వాసన! ఆమె కేక వేసింది గానీ, ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వోరెల్ ఆమె మీదకు దూకబోయాడు. నేల మీది రాడ్కా అతని కాళ్ళు రెండూ చుట్టేసింది.

"పట్టుకున్నానే అమ్మా! తియ్యి!"

ఫెళ్ళున ఉరిమింది! కిటికీ తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి! మంచు, గాలి, శ్మశానంలోని వేల దీపాల మైనపు వాసన ఒక్క ఉప్పెనగా లోపలికి పోటెత్తాయి! ప్రతి చిత్రంలోంచి ఒక నిట్టూర్పు లేచింది... పది... వంద... తరతరాల బందీలు! వాళ్ళంతా వెళ్ళే దారిలో వోరెల్ నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరు దాటుతున్నకొద్దీ ఒక్కో ఆయువంత వయసు అతని మీద పడింది. జుట్టు రాలింది... చర్మం ముడుచుకుని చిరిగింది... "నా చిత్రాలు! తేమ! తేమ!" అని అరిచిన నోరే చివరికి దుమ్మయింది! కపాలం నేలమీద పడి పిండి పిండి అయింది.

చిట్టచివర బ్లజేనా చెంపకు చిన్న వెచ్చదనం తగిలింది. అంతే. ఆమె తిరిగి చూసేసరికి చిత్రంలో ఎవరో పరాయి స్త్రీ ఏడుస్తోంది. చుబుకం మీద మచ్చ లేదు. బ్లజేనా గోడకు ఆనుకుని గుండె పగిలేలా ఏడ్చింది.

కాసేపటికి రాడ్కా కళ్ళు తెరిచింది. ఏం జరిగిందో తెలియక చుట్టూ చూసింది, చలికి వణికింది.

"ఇదేంటి పెద్దమ్మా, చెయ్యి అలా కాలిపోయిందేం? ముందు ఆ కిటికీ మూసేస్తాను..."

"మూయకమ్మా," అంది బ్లజేనా చీకటి తోట వైపు చూస్తూ. "కాసేపు ఉండనీ. మా పిల్ల ఎప్పుడూ మెల్లగా నడుస్తుంది."