చంక దిగని బిడ్డ

లింగాలలోని ఆ ఇంట్లో పొద్దున్నే యమున పొయ్యి వెలిగించింది, అదీ ఒంటిచేత్తోనే. రెండో చేతిలో మూడేళ్ళ కూతురు ఉమ. పిల్ల గుండె గోడకు రంధ్రముందని నెలల బిడ్డప్పుడే స్కానింగులో తేలింది. ఆనాటినుంచి నేలమీద వదలొద్దు, ఏడవనివ్వొద్దు అన్నది అత్త హన్మమ్మ మాట. బియ్యం కడిగినా, బట్టలుతికినా పిల్ల చంకలోనే. వాకిట్లో పిల్లలాడుతుంటే అక్కణ్ణుంచే చూసేది, పాపం.

మళ్ళీ కొలిపిస్తే రంధ్రం పెరిగిందంటారేమోనని హన్మమ్మ దవాఖాన దారి పట్టనివ్వలేదు. ఆ పొద్దు యమున పిల్లను మంచమ్మీద కూర్చోబెట్టి, ఇక తనవల్ల కాదంది.

"ఎంతున్నదో తెల్వాలె అత్తమ్మా. గిట్ల ఎన్నాళ్ళు మోస్త? నా రెక్కలు పడిపోయినయ్."

"మోసుడు బరువైతుందా? పిల్లకేమన్నైతే తెలుస్తది, బరువంటే ఏందో."

యమున మొగుడు కురుమూర్తి అటు తల్లికీ ఇటు పెళ్ళానికీ చెప్పలేక ఆటో తీశాడు. ఎంత కోపమొచ్చినా పిల్లను విడిచి ఉండలేదు కదా, హన్మమ్మా ఎక్కి కూర్చుంది. నాగర్‌కర్నూల్ దవాఖాన ముందు దిగారు.

డాక్టరమ్మ ఉమ ఛాతీకి చల్లని జెల్లీ రాసి, పరికరాన్ని అటూ ఇటూ జరిపింది. తెరమీద ఎర్రగా, నీలంగా నెత్తురు కదిలింది. బొమ్మను ఆపి, రంధ్రం ఈ అంచునుంచి ఆ అంచుకు గీత గీసి కొలిచింది. అప్పుడు నాలుగు మిల్లీమీటర్లున్నది ఇప్పుడు రెండేనంది. కోత అక్కర్లేదు, అందరి పిల్లల్లా పరుగెత్తనివ్వండి అంది. కాళ్ళింత సన్నగా ఉన్నాయేం, నడవనివ్వొద్దని ఎవరన్నారని అడిగింది.

"మీ దవాఖానోళ్ళే అన్నరమ్మా," అంది హన్మమ్మ. "గా దినం స్కానింగు బల్లమీద పిల్లను నేనే పట్టుకున్న. ఏడ్వనియ్యకు, కదలనియ్యకు అన్నరు."

డాక్టరమ్మ తెరవైపు చూపించింది. "బొమ్మ సరిగ్గా రావాలని అంటాం పెద్దమ్మా. ఆ కాసేపటికే."

హన్మమ్మ ఇన్నాళ్ళూ ఆ మాటే పట్టుకుంది. చెప్పిన మాట దాటితే పిల్ల దక్కదనుకుంది, అంతే.

బయట వరండాలో ఉమను దించారు. కాసేపు అమ్మ చీర పట్టుకుని నిలబడి, తర్వాత వదిలేసి తడబడుతూ గోడదాకా పోయింది. యమున బెంచీమీద కూలబడింది. ఖాళీ అయిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్త పక్కన కూర్చుని, ఆ చేతులు తన ఒళ్ళోకి తీసుకుని ఒత్తసాగింది.

"గింత నొస్తుందని చెప్పకపోతివి బిడ్డా."

"చెప్తనే ఉన్న అత్తమ్మా."

"అవు. నేనే ఇనలే. జర కన్ను మూసుకో. దాన్ని నేను చూస్త."

యమున అత్త భుజమ్మీద తల వాల్చింది. అటు ఉమ పరుగందుకుంది. హన్మమ్మ పట్టుకోను చెయ్యి చాచబోయింది, అయినా లేవలేదు. లేస్తే కోడలి నిద్ర చెడుతుంది.