డెబ్బై తొమ్మిదో గది

పెద్దదానా, చిన్నోడా, ఈ కథ మీకు ఇంతవరకూ చెప్పలేదు. ఇప్పుడు మీరిద్దరూ ఊళ్ళు తిరిగే ఉద్యోగాల్లో పడ్డారు, రేపో మాపో పిల్లలు పుడతారు. ఇక చెప్పక తప్పదు.

మీ అమ్మ పోయాక మిమ్మల్ని అత్త దగ్గర వదిలి, నేను చాలా దూరంలో ఒక ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. అక్కడ మధ్యాహ్నమైతే ఇక్కడ మీకు నిద్రవేళ. రోజూ ఫోన్ చేసి తలుపు గడియ పెట్టారా, గ్యాస్ కట్టేశారా అని అత్త ప్రాణం తోడేసేవాణ్ణి. "నువ్వు పిల్లల్ని పెంచుతున్నావా, ఖజానాకి కాపలా కాస్తున్నావా?" అనేది.

అచ్చుకు వెళ్ళే ముందు తప్పులు పట్టడం నా పని. అది ఎప్పుడూ ఇద్దరు చేయాలి. బల్లకు ఇటువైపు ఒకరు పైకి చదువుతారు. అటు కూర్చున్నాయన తన దగ్గరున్న దానిలో చూసి "ఉంది" అంటాడు, లేకపోతే "లేదు" అంటాడు. అంతే, ఇంకో మాట ఉండదు. నా ఎదుటి ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ మాటే అనీ అనీ, అసలు పేరు పోయి ఉందిగారు అయ్యాడు. "నా మీద ప్రేముందా?" అని పెళ్ళాం అడిగినా ముందు కాగితం వెతుక్కుంటాడని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

ఆ శీతాకాలం మాకు ఒక టారో కార్డుల పెట్టె వచ్చింది. జోస్యం చెప్పే పేకముక్కలు, డెబ్బై ఎనిమిది. ఏ ముక్కకు ఏ అర్థమో చెప్పే చిన్న పుస్తకం కూడా ఉంది. ఇలాంటి వాటిలో రాజులూ, రాణులూ, కత్తులూ ఉంటాయట. వీటిని గీసినామె మాత్రం ఒకే ఒక ఇంటిని గీసింది. ఒక్కో ముక్కలో ఒక్కో గది. ఎక్కడా మనిషన్నవాడు లేడు.

అది సరిచూసి సంతకం పెడితే మర్నాడే నాకు సెలవు. మిమ్మల్ని చూసి పదకొండు నెలలైంది. సరిగ్గా ఆ రోజే ఉందిగారికి జ్వరం. "ఒక్కరే కూర్చోకండి బాబూ, ఎల్లుండి నేనొస్తా," అని ఫోన్‌లో మూలిగాడు. ఎల్లుండంటే నా ప్రయాణం పోయినట్టే. తెలిసి తెలిసి, నా ఉద్యోగంలో మొదటిసారి పద్ధతి తప్పాను.

సెలవురోజు కావడంతో ప్రెస్సులో ఎవరూ లేరు. కిటికీ బయట పొగమంచు. మూడింటికే దీపం వేసుకోవాల్సి వచ్చింది. సిరా వాసన, చెమ్మ పట్టిన కాగితం వాసన. కింద యంత్రాలు ఆగిపోతే ఆ భవనం ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

అలవాటు కొద్దీ పైకే చదివాను. చదవడం, ముక్క తిప్పి చూడటం, "ఉంది" అనడం, అన్నీ నేనే.

"వంటగది. మీరు ఎవరికోసమో ఎదురుచూస్తున్నారు. రెండో పళ్ళెం కూడా కడిగి పెట్టండి."

ఉంది.

"మెట్ల కింద అర. మీరు దాచిపెట్టింది మిమ్మల్ని మరిచిపోలేదు."

ఉంది.

చదివేకొద్దీ ఆ ఖాళీ ఇంట్లో నేనొక్కణ్ణే గదులు తిరుగుతున్నట్టు అనిపించింది. ఏదో దిగులు. ఒక్కసారి ఎవరైనా దగ్గితే బాగుండుననిపించే దిగులు.

యాభై ముక్కలు దాటాక ఒకటి గమనించాను. చాలాసేపటి నుంచి నేను "ఉంది" అనడం లేదు.

అయినా ఆ మాట వినిపిస్తోంది.

ఎదుటి కుర్చీ వైపు నుంచి... మెల్లగా... ప్రతి ముక్కకూ.

తల ఎత్తలేకపోయాను. ఆపితే ఏమవుతుందోనని చదువుతూనే ఉన్నాను. అరవై. డెబ్బై. డెబ్బై ఎనిమిది. ముక్కలైపోయాయి. పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. ముక్క లేని అర్థం ఉండకూడదు. అక్కడ ఆగాల్సింది. కానీ నోరు అలవాటులో పడిపోయింది.

"పిల్లల గది. ఇక్కడ ఇద్దరు పడుకుంటారు. మీరు లేనప్పుడు మీ చోట ఎవరో ఒకరు కూర్చోవాలి."

దీపం సన్నగా గుయ్‌మంటోంది.

"ఉంది."

ఈసారి గుర్తుపట్టాను. అది నా గొంతే.

బల్ల మీద ఒక ముక్క నా వైపుకి జరిగింది. తిప్పాను. మీ గది. కిటికీ పక్కన పెద్దదాని మంచం. చిన్నోడి మంచానికి విరిగిన కోడు కింద పెట్టిన ఇటుక. రెండింటి మధ్య కుర్చీలో ఒక మగమనిషి, వీపు ఇటు తిప్పి. నాలాగే ఎడమ భుజం కాస్త జారి ఉంది. చిన్నోడి మీదికి వంగి ఉన్నాడు.

మా పనిలో తప్పు కనిపిస్తే చదివేవాడు ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టి "తీసేశా" అనాలి. కొట్టాను. కాగితం చిరిగింది.

"తీసేశా."

"తీసేశానన్నాను..."

ఎదుటి కుర్చీ కిర్రుమంది. ఎవరో లేచినట్టు.

అత్తకి ఫోన్ చేశాను.

"ఏరా, ఏం మరిచిపోయావ్?" గుసగుసగా అంది. "ఇప్పుడే కళ్ళు మూశారు పిల్లలు."

"అక్కా... నేను..."

"చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావ్, గంటసేపు వాళ్ళ దగ్గర కూర్చున్నావ్, మంచినీళ్ళైనా ముట్టకుండా లేచి వెళ్ళిపోయావ్. ఇదేం రాకరా?"

"తలుపెందుకు తీశావ్?"

"బాగుంది! గడియ పెట్టమని ప్రాణం తీసేదీ నువ్వే, తియ్యమని కొట్టిందీ నువ్వే."

"పిల్లల్ని చూసి రా అక్కా. ఊపిరి చూడు. ఇద్దరిదీ."

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. అడుగులు. తలుపు. తర్వాత ఏమీ లేదు... నా జన్మలో అంతసేపు ఎప్పుడూ గడవలేదు.

"నిద్రపోతున్నార్రా. నీకేమైంది?"

సంతకం పెట్టకుండానే బయల్దేరాను. ఉద్యోగం పోయింది. మీకు మాత్రం ఆ ఊరి గాలి పడలేదని చెప్పాను.

ఇంటికొచ్చేసరికి చిన్నోడు పరిగెత్తుకు రాబోయాడు. పెద్దదానా, నువ్వు వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుని ఆపేశావు. అప్పుడు నీకు ఏడేళ్ళు.

"ముందు చేతులు చూపించు నాన్నా."

చూపించాను. ఇటూ అటూ తిప్పావు. ఒక్కో వేలూ పట్టి చూశావు. చివరికి "ఆఁ, నువ్వే," అని తమ్ముణ్ణి వదిలావు.

ఆ వచ్చినవాడి చేతులు ఎలా ఉన్నాయో నేను అడగలేదు. ఇరవై ఏళ్ళైంది, ఇప్పటికీ అడగలేదు.

రేపు మీరు మీ పిల్లల్ని ఎవరి దగ్గరైనా వదిలి దూరం వెళ్ళేటప్పుడు, ఈ కథ వాళ్ళకి చెప్పి వెళ్ళండి. మీరు చెప్పకుండా గుమ్మంలోకి వస్తే ముందు చేతులు చూడమనండి. ఏం చూడాలో నాకు తెలియదు. అది వాళ్ళకి నువ్వే చెప్పాలి, పెద్దదానా.

నాకు మాత్రం చెప్పకు.