గోడకిచ్చిన మాట

ఎడిన్‌బరో దగ్గరి మా ఊరు కార్న్‌రిగ్‌కు బొగ్గు అన్నం పెట్టిన రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు బొగ్గు కథే అన్నం పెడుతోంది. మూతపడిన గనిని మ్యూజియం చేశారు. మనుషుల్ని గనిలోకి దించిన పెద్ద ఇనుప చక్రానికి ఎర్ర రంగు పూశారు. పనివాళ్ల ఇళ్లలో ఒకదాన్ని పాత పొయ్యితో సహా అలాగే ఉంచారు. టీకొట్టులో బొగ్గుముక్కల్లాంటి నల్ల మిఠాయి అమ్ముతారు. పిల్లలు అది తిని నాలుకలు బయటపెట్టి ఫొటోలు తీయించుకుంటారు. వచ్చినవాళ్లను తిప్పి చూపించడం నా ఉద్యోగం. పోయిన శీతాకాలం నా కూతురు కిర్‌స్టీ కూడా అందులోనే చేరింది.

అందరూ అడిగేది ఏటవాలు సొరంగం గురించి. టోపీకి దీపం తగిలించుకుని వంగి దిగాలి. తడిరాతి వాసన, దాని అడుగున ఎప్పటిదో పొగ వాసన వస్తాయి. చివర ఇటుకగోడ ఉంటుంది.

ఆ గోడ వెనక పదకొండు మంది ఉన్నారు.

మా తాత రోజుల్లో లోపల నిప్పంటుకుంది. గనివాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. లోపల చిక్కుకున్నవాడు రాతిమీద మూడుసార్లు కొడతాడు. విన్నవాడు తిరిగి మూడుసార్లు కొడతాడు. విన్నాను, వస్తున్నాను అని దానర్థం. బదులు కొట్టినవాడు వాళ్లను బయటికి తెచ్చేదాకా ఇంటిముఖం చూడకూడదు. ఆ రోజు బదులు కొట్టింది మా తాతే. కానీ మంట మిగతా గనికి పాకకుండా గోడ కట్టెయ్యమన్నారు యజమానులు. గోడ లేస్తున్నంతసేపూ లోపల చప్పుడు వస్తూనే ఉందట. తాతను నలుగురు పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చారు. పోయేదాకా ఆయనది ఒకటే పాట: "ఆ గోడ దగ్గర ఏం వినబడ్డా బదులు మాత్రం కొట్టకండి."

ఈ మాట కిర్‌స్టీకి చిన్నప్పుడే చెప్పాను. "మీ తాత భలే కథలు చెప్పేవాడే" అని నవ్వేసింది.

డిసెంబరులో మాకు మూడున్నరకే చీకటి పడుతుంది. ఆ వేళ ఆఖరి గుంపును కిర్‌స్టీ దించింది. నేను వెనక నడుస్తున్నాను. కట్టుబాటు సంగతి చెబుతుంటే ఎవరో "ఎలా కొట్టేవాళ్లు?" అని అడిగారు. కిర్‌స్టీ పిడికిలితో గోడమీద కొట్టి చూపించింది.

టక్... టక్... టక్.

గోడ అవతలనుంచి...

టక్... టక్... టక్.

జనం చప్పట్లు కొట్టారు. ఇదంతా ఆటలో భాగం అనుకున్నారు. కిర్‌స్టీ నాకేసి కన్నుగీటి మళ్లీ పిడికిలెత్తింది. వద్దని అరవబోయాను. జనాన్ని తోసుకుని వెళ్లేలోపే అది బదులు కొట్టేసింది.

పైకి రాగానే, దీపాలిచ్చే ముసలి డూగీ దగ్గరికి గెంతుకుంటూ వెళ్లింది. డూగీ ఆ గనిలోనే నడుం వంచినవాడు.

"గోడలో ఏం పెట్టావు తాతా? అదిరిపోయింది!"

"నేనేం పెడతానే పిల్లా?"

"మరి నేను కొడితే తిరిగి కొట్టారుగా!"

"తర్వాత?"

"మళ్లీ నేను కొట్టాను."

డూగీ చేతిలో దీపం బల్లమీద పెట్టేశాడు. "మాట ఇచ్చేశావన్నమాట" అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రం వంటింట్లో సూప్ తాగుతుంటే గచ్చు కింద వినబడింది. మూడే దెబ్బలు. మా ఊరి కిందంతా బొగ్గు తవ్విన బోలే. నీళ్ల శబ్దమేమో అన్నాను. నా మాట నాకే నమ్మకం కలగలేదు.

మర్నాడు దాన్ని ఎడిన్‌బరోలో మా చెల్లెలి ఇంటికి తీసుకెళ్లాను. మూడో అంతస్తు. అక్కడ దాని తలగడ పక్క గోడలో వినబడింది. పాత గనులు చూసే ఆఫీసువాళ్లను గోడ తెరిచి చూడమని బతిమాలాను. గోడ వెనక కప్పుదాకా నీళ్లేనమ్మా, ఏమీ లేదని జాలిగా చూశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దాన్ని ఎక్కడ దాచను?

కిర్‌స్టీ తిండి మానేసింది.

"వాళ్లు తిట్టట్లేదమ్మా. ఎదురు చూస్తున్నారు, అంతే."

"నోర్ముయ్యవే, నీ కాళ్లు పట్టుకుంటాను."

"మాటిచ్చి ఇంట్లో కూర్చుని సూప్ తాగుతున్నాను నేను" అంది. ఏడుపు కూడా లేదు గొంతులో.

ఊరికి తిరిగొచ్చిన నాలుగో రోజు, నేను పక్కింటికి వెళ్లొచ్చేసరికి ఇంట్లో లేదు. అలమరలో జామ్ రొట్టె పెట్టుకునే రేకు డబ్బా లేదు. మా గనివాళ్లు పనికి పట్టుకెళ్లే డబ్బా అది.

పరుగెత్తాను. డూగీ సొరంగం నోటి దగ్గరే కూర్చుని ఉన్నాడు. "ఇప్పుడే దిగిందమ్మా, ఏదో మరిచిపోయానంది... ఇంకా పైకి రాలేదు" అన్నాడు. ఆ సొరంగానికి వేరే దారి లేదు.

లోపల ఎవరూ లేరు. గోడలో ఒక్క ఇటుక కదల్లేదు. గోడ మొదట్లో రేకు డబ్బా ఉంది.

మూత తీశాను. రొట్టె లేదు. తుంచిన మూలలు మాత్రం ఉన్నాయి. గనివాళ్లు మసి చేత్తో పట్టుకున్న మూలను తినరు, వదిలేస్తారు. పదకొండు మూలలమీద నల్లటి వేలిముద్ర. ఒకే ఒక్కటి తెల్లగా ఉంది.

అప్పుడు వినబడింది. మూడు బరువైన దెబ్బలు. ఆ వెనకే... రెండు తేలికైనవి, గబగబా. స్నానాల గది తలుపు మీద కిర్‌స్టీ కొట్టేది అలాగే. "తొందరగా రా అమ్మా" అని...

నేను బదులు కొట్టాను. కొట్టకుండా ఏ తల్లి ఉంటుంది? గోళ్లు ఊడేదాకా కొట్టాను. నన్ను నలుగురు పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చారు.

పోలీసులు కుక్కలతో వెతికారు. ఇటుక కదిపితే కొండ కూలుతుందన్నారు. సొరంగానికి ఇనుప ఊచలు బిగించారు. నేను రోజూ ఊచల సందులోంచి రొట్టె డబ్బా లోపలికి తోసి వస్తాను. అంతకుమించి నా చేతిలో ఏముంది? మర్నాడు డబ్బా ఊచల దగ్గరే ఉంటుంది. లోపల మూలలుంటాయి. పదకొండు నల్లవి, ఒకటి తెల్లది. ఆ తెల్లదాన్ని ముద్దు పెట్టుకుని జేబులో వేసుకునేదాన్ని.

ఇవాళ డబ్బా తెరిచాను. పన్నెండు మూలలూ నల్లగానే ఉన్నాయి.